నెత్తురు గోలీలు

మా భీమమ్మ వదిన కాలుతున్న పెంక మీద జొన్నరొట్టెను ఉత్త వేళ్ళతో తిప్పుతుంటే పదిమందికి చెప్పుకుని మురిసిన మనిషిని నేను. తాండూరు చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా ఆడవాళ్ళు రొట్టెను చేత్తోనే తిప్పుతారు, అందులో వింతేం లేదు. కానీ ఎంత అలవాటున్నా వేళ్ళు చురుక్కుమంటే గబుక్కున వెనక్కి లాక్కుని చెవి తమ్మెను పట్టుకోవడం అందరికీ ఉంటుంది. మా వదినకు అది లేదు. రొట్టె తిప్పి, చేతి అంచుతో చుట్టూ నొక్కి, తొందరేమీ లేనట్టు చెయ్యి తీసేది. మా అన్న బీరప్ప చుట్ట వెలిగించుకుంటానంటే పొయ్యిలోంచి నిప్పుకను అరచేతి అంచున నిలబెట్టి తెచ్చిచ్చేది. ఇంటికొచ్చిన చుట్టాలను పిలిచి మరీ చూపించేవాణ్ణి. "మా వదినవి ఇనుప చేతులు" అని గొప్పలు పోయేవాణ్ణి. ఎవరు? కుష్టు మచ్చలు వెతకడమే ఉద్యోగమైన నేను! ఊరూరూ తిరిగి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఒంటి మీద కోడి ఈకతో రాసి "తెలుస్తున్నదా?" అని అడిగే నేను! నా చదువు మీద మన్నుపడ.

నా పేరు అంజిలయ్య. తాండూరుకు రెండు కోసుల దూరంలో మా ఊరు. గొర్రెలు కాచుకునే ఇల్లు మాది. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు. ఆ ఏడే మా అన్నకు పెళ్ళయి, సేడం వైపు నుంచి వదిన కాపురానికి వచ్చింది. ఆమెకు అప్పుడు పదిహేనేళ్ళుంటాయేమో. నాకు తల దువ్వడం, తిండి పెట్టడం, తిట్టడం, కొట్టడం అంతా ఆమే. కోపం మరీ ఎక్కువైతే కన్నడంలోకి దిగేది. అప్పుడు నేను గొర్రెల దొడ్లోకి పారిపోయేవాణ్ణి. నన్ను వికారాబాద్‌లో బడికి పంపమని అన్నతో పోట్లాడింది కూడా ఆమే. "గొర్లెంబడి తిరగనీకె నువ్వొక్కనివి చాలవా? వీన్నన్న సదువుకోనీయి" అని మూడు రోజులు మొగుడితో మాట్లాడలేదట. ఆమె పిల్లలు ఇద్దరూ పురిట్లోనే పోయారు. ఆ తరువాత ఆమెకు నేనొక్కణ్ణే మిగిలాను.

పోలీసు యాక్షన్ జరిగిన సంవత్సరం, నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు, వికారాబాద్‌లో చర్మరోగాల దవాఖానలో పనికి చేరాను. అప్పట్లో కుష్టుకు మందంటే చాల్‌మోగ్రా నూనె. చిక్కటి నూనెను లావుపాటి సూదితో వారానికి రెండుసార్లు ఒంట్లోకి ఎక్కించేవాళ్ళం. సూది పొడిచిన చోటల్లా గడ్డకట్టి, మనుషులు వారం రోజులు మూలుగుతూ తిరిగేవాళ్ళు. ఏళ్ళ తరబడి పొడిచినా గుణం అంతంతమాత్రం. రోగులను నేను గట్టిగా పట్టుకునేవాణ్ణి, కంపౌండరు పొడిచేవాడు, వాళ్ళు ఇద్దరినీ కలిపి తిట్టేవాళ్ళు.

నాలుగైదేళ్ళకు గోలీలు వచ్చాయి. చిటికెన వేలి గోరంత తెల్ల గోలీ. నీళ్ళతో మింగితే చాలు. మొదట్లో మేమే నమ్మలేదు. ఆరు నెలలకు మచ్చలు వెలిసిపోవడం, ఏడాదికి చెవుల మీది గడ్డలు అణగడం కళ్ళారా చూశాక నూనె సీసాలను మూలకు నెట్టేశాం. రోగం గుర్తుపట్టే పద్ధతీ మారింది. చెవి తమ్మెను చిన్నగా గీరి, ఆ రసాన్ని గాజు పలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే క్రిములు ఎర్రటి పుల్లల్లా కనిపించేవి. ఇంక మచ్చకు స్పర్శ ఉందో లేదో తేల్చే కోడి ఈక, గుండుసూది, మోచేతి వెనక నరం లావెక్కిందేమోనని తడిమి చూసే వేళ్ళు మా ఆయుధాలు. పెద్దరోగం అనే మాటకు భయపడే రోజులు పోయాయనుకున్నాం. పొగరు కూడా పట్టింది, అబద్ధమెందుకు?

ఇవన్నీ నాకు నేర్పింది మత్తయ్య డాక్టరు. మెల్లగా మాట్లాడేవాడు కానీ పనిలో తప్పు జరిగితే చూపుతోనే చంపేవాడు. ఆయన నాకు రెండు మాటలు వందసార్లు చెప్పి ఉంటాడు. "అంజిలయ్యా, గోలీ ఎప్పుడూ కొంచెంతో మొదలుపెట్టాలె, వారం వారం మెల్లగ పెంచాలె. క్రిమి సచ్చేటప్పుడు ఒక్కోసారి నరం మీద కోపం తీస్తది. నరం నొస్తే ఆ చేతికి పని చెప్పొద్దు, కట్టు కట్టాలె, నాకు సూపియ్యాలె." ఇది మొదటిది. రెండోది, "రోగికి చెప్పకుండ గోలీ ఇయ్యకు. తనకేమైందో ఎరుకున్నోడే నొప్పి లేస్తె ఉరికొస్తడు. ఎరుక లేనోడు పనినొప్పి అనుకుంటడు."

యాభై ఆరులో నన్ను తాండూరు వైపు ఊళ్ళకు సర్వే పనికి వేశారు. ఇల్లిల్లూ తిరిగి ప్రతి మనిషినీ పరీక్ష చేసి కాయితాల్లో రాయాలి. మా ఊరితోనే మొదలుపెట్టాను. మా ఇంటి వంతు రాగానే వాకిట్లో మంచం మీద కూర్చుని, వదిన ఇచ్చిన రొట్టె, కారప్పొడి తింటూ, మనుషులు ముగ్గురు, మచ్చలు లేవు అని రాసి పక్కింటికి పోయాను. మనింట్లో చూసేదేముంది? అదీ నా సర్వే.

నా పెళ్ళి అప్పటికింకా కాలేదు. కుష్టువాళ్ళను ముట్టుకునే వాడికి పిల్లనెవరిస్తారు? మూడు సంబంధాలు వాకిట్లోకి వచ్చి తిరిగిపోయాయి. ఒకాయనైతే మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నేను విసిగిపోయాను గానీ వదిన విసగలేదు. కొడంగల్ పోయింది, పరిగి పోయింది, కనిపించిన ప్రతి చుట్టానికీ నా గుణగణాలు వర్ణించి చెప్పింది. చివరికి యాభై ఏడు కార్తీకంలో పరిగిలో లక్ష్మమ్మ అనే పిల్లతో సంబంధం ఖాయం చేసుకొచ్చింది. పెళ్ళి వైశాఖంలో. ఆ రోజు వదిన బస్సు దిగి ఊళ్ళోకి నడిచొస్తూ ఎదురైన వాళ్ళందరికీ చెప్పుకుంటూ వచ్చిందట, ఆమె ఇంటికి చేరేలోపే నాకు వార్త చేరిపోయింది.

మరుసటి రోజు పొద్దున్నే జరిగింది ఇది. వదిన రొట్టెలు చేస్తున్నది. నేను పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. ఆమె కుడిచేతి చిటికెన వేలి పక్కన ఇంత పొక్కు, పగిలి నీళ్ళు కారుతున్నది.

"ఎప్పుడు కాలింది వదినా?"

ఆమె చెయ్యి తిప్పి చూసుకుని, "ఏమో. గిప్పుడే సూస్తున్న" అన్నది.

అప్పుడు చూశాను ఆ చేతిని. చూడటమంటే అప్పుడే. మోచేతి కింద, రైక చెయ్యి పైకి జరిగిన చోట, ఒంటి రంగు కంటే కొంచెం వెలిసిన మచ్చ. రూపాయి బిళ్ళకు రెండింతలుంటుంది. జొన్నపిండి అంటిందేమోననుకుని నా కండువాతో తుడిచాను. పోలేదు.

"వదినా, ఆటాడుదాం. కండ్లు మూస్కో. నేను ఏడ ముట్టుకుంటే ఆడ వేలు పెట్టి సూపెట్టు."

"పెండ్లికొడుక్కి పొద్దుగాల్నే ఆటలు గావాల్నా?" అని నవ్వుతూ కళ్ళు మూసుకుంది.

చేతిసంచిలోంచి ఈక తీసి ఆమె భుజం మీద రాశాను. చూపించింది. మణికట్టు మీద లోపలివైపు రాశాను. చూపించింది. మచ్చ మీద రాశాను. ఆమె కదల్లేదు. మళ్ళీ రాశాను. ఈక వదిలేసి వేలితో నొక్కాను.

"ముట్టుకుంటవా లేదారా అంజిగా? రొట్టె మాడుతున్నది" అన్నది వదిన, కళ్ళు మూసుకునే.

చెయ్యి ఇటివ్వమని మోచేతి వెనక తడిమాను. నరం చూపుడు వేలంత లావున ఉంది. ఇన్నాళ్ళూ నేను ఊరందరికీ చూపించి మురిసిన ఇనుప చెయ్యి అది. ఆ కాలిన పొక్కులన్నీ, ఆ నిప్పుకలన్నీ నా కళ్ళముందే జరిగాయి. లేచి బయటికి పోయాను.

అప్పుడైనా చెయ్యాల్సింది ఒక్కటే. రైలెక్కించి వికారాబాద్ తీసుకుపోవాలి. మత్తయ్య డాక్టరు చెవి గీరి చూస్తాడు, పేరు రాసుకుంటాడు, గోలీలు మొదలుపెడతాడు. ఎంత చిన్న పని! రోజూ నేను ఊళ్ళో వాళ్ళను చెయ్యమని గొంతు చించుకునే పనే. "దాచుకుంటే చెడిపోతరు, చెప్పుకుంటే బాగుపడతరు" అని నేనెన్ని వాకిళ్ళలో ఉపన్యాసాలివ్వలేదు! కానీ పేరు కాయితాల మీదికెక్కితే పరిగికి చేరడానికి ఎన్ని రోజులు? కుష్టు వాళ్ళను ముట్టుకునేవాడికే పిల్లనివ్వడానికి అంత తటపటాయించినవాళ్ళు, ఇంట్లోనే ఉందని తెలిస్తే ఊరుకుంటారా? నాకు ఇరవై ఏడేళ్ళు. పిల్లను అంతకు ముందే ఒక్కసారి చూశాను, నచ్చింది. ఐదు నెలలే కదా అనుకున్నాను. గోలీ నా చేతిలోనే ఉంది, రోగం నయమయ్యేదే, మధ్యలో ఈ డాక్టరు, ఈ కాయితాలు ఎందుకు అనుకున్నాను. ఇప్పుడు చెబుతుంటే నా మాటలు నాకే కంపు కొడుతున్నాయి.

సాయంత్రం గోలీల పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. "వదినా, నీ ఒంట్ల నెత్తురు లేదు. అందుకే మచ్చ అయింది. గివి నెత్తురు పట్టే గోలీలు. దినాం ఒకటి మింగు."

"నాకెందుకురా గోలీలు? దున్నపోతు లెక్క ఉన్న" అన్నది. కానీ మింగింది. నేనిచ్చినవి కదా.

కొంచెంతో మొదలుపెట్టాలన్న మాట నాకు గుర్తులేక కాదు. పెళ్ళిలోపు మచ్చ మాయం కావాలని ఆత్రం. మొదటి వారమే పూర్తి గోలీ ఇచ్చాను. సంక్రాంతి లోపలే మచ్చ కొద్దిగా ఎర్రబడి, ఉబ్బి, తరువాత చప్పబడింది. నేను సంబరపడ్డాను. ఆమెకు చూపించి "సూడు, పోతున్నది" అన్నాను. ఆమె కూడా సంబరపడి పక్కింటి వాళ్ళకు చూపించింది, "మా మరిది మందు" అని.

మాఘంలో నొప్పి మొదలైంది. మోచేతి నుంచి చిటికెన వేలి దాకా సలుపు. "ఎవరో లోపట్నుంచి తీగ గుంజినట్టయితున్నదిరా" అన్నది. వినగానే నాకు తెలిసిపోయింది. క్రిమి చస్తూ నరం మీద కోపం తీస్తున్నది. చేతికి పని చెప్పొద్దు, కట్టు కట్టాలె, నాకు సూపియ్యాలె. మత్తయ్య డాక్టరు గొంతు నా చెవిలోనే పలికింది. నేను చేసిందేమిటంటే రెండు నొప్పి గోలీలిచ్చి, "రొట్టెలు ఎక్కువ చేస్తున్నవు, అందుకే. జర మెల్లగ చెయ్యి" అని చెప్పడం.

మెల్లగా చెయ్యడానికి ఎక్కడ కుదురుతుంది? ఇంట్లో పెళ్ళి. వదిన పసుపు దంచింది, కారం దంచింది, గోడలకు ఎర్రమన్ను పూసింది. చెయ్యి పట్టుకుని మూలన కూర్చోవడం నేను రెండు మూడుసార్లు చూశాను. చూసి పక్కకు తిరిగిపోయాను. ఒకసారి అన్న అడిగాడు, "దవాఖానకు తోల్కపోరాదురా" అని. "పెండ్లయినంక పోదాం" అన్నాను. వదినే అందుకుని, "అవ్, లగ్గం పనులు పెట్టుకుని దవాఖానలేంది? పని నొప్పి, అదే పోతది" అన్నది. ఆమె ఆ మాట అనగానే నా ఒంట్లో బరువు దిగినట్టయింది. అంత సిగ్గులేని మనిషిని.

పెళ్ళికి వారం ముందు ఆమె చిటికెన వేలు, ఉంగరపు వేలు లోపలికి వంగిపోయాయి. చాచబోతే సాగవు. "సలికి గుంజుకున్నయేమో" అన్నది. వైశాఖంలో చలేమిటి? నూనె రాసి, రెండో చేత్తో ఆ వేళ్ళను లాగి లాగి చూసుకునేది. నొప్పి మాత్రం తగ్గింది. "సూడు, నొప్పి పోయింది" అని ఆమే నాకు ధైర్యం చెప్పింది. నరం చచ్చిపోతే నొప్పి పోతుంది. అది నాకు తెలుసు, ఆమెకు తెలియదు. ఆ చేత్తోనే నాకు నలుగు పెట్టింది.

పెళ్ళయిన పదహారో రోజు దాటాక వికారాబాద్ తీసుకుపోయాను. మత్తయ్య డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు చూశాడు. ఈక, సూది, నరం. తరువాత ఆమెకు నెమ్మదిగా రోగం పేరు చెప్పాడు. వదిన ఏడవలేదు. నా వైపు చూసి, "గిదేనా నువ్వు ఊర్లపొంటి దేవులాడేది?" అన్నది. తలూపాను.

"నొప్పి ఎన్ని దినాల కింద లేశింది?" డాక్టరు అడిగాడు.

"మూడు నెలలాయె. నేను పని నొప్పి అనుకున్న సారు."

"ఏమన్న మందు మింగుతున్నవా?"

"ఎక్కడిది సారు! మా మరిది నెత్తురు గోలీలు ఇస్తుండె, అవ్వే."

డాక్టరు నా మొహం చూశాడు. ఆమెను బయట బల్ల మీద కూర్చోమని చెప్పి, తలుపు దగ్గరికి వేసి నా దగ్గరికొచ్చాడు.

"మూడు నెలల కింద తెచ్చి ఉంటే చెయ్యి కదలకుండ కట్టు కడుదును. పట్నం నుంచి కొత్త మందు తెప్పించి నరం వాపు దించుదును. ఇప్పుడు రోగం తగ్గుతది అంజిలయ్యా, వేళ్ళు రావు. కుష్టు తీసుకపోలేదు ఆ వేళ్ళను. నువ్వు తీసినవు."

"సార్, నా పెండ్లి..." అన్నాను.

"నీ ఉద్యోగం పీకేస్తె ఆ యాభై ఊర్లల్ల గోలీలిచ్చేటోడు లేడు. అందుకు ఉంచుతున్న. ఆమెకు నేను చెప్ప. నువ్వే చెప్పుకో."

చెప్పుకోలేదు. ఆ రోజు రైల్లో చెబుదామనుకున్నాను, ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, మనసొప్పలేదు. ఇంటికి పోయాక చెబుదామనుకున్నాను. డాక్టరు గోలీలు కూడా ఆ నెత్తురు గోలీల లెక్కనే ఉన్నాయని ఆమె అంటే, తెల్ల గోలీలన్నీ ఒక్క తీరే ఉంటాయన్నాను. లక్ష్మమ్మకు సంగతి తెలిసి పుట్టింటికి పోయింది. అప్పుడు కూడా వదినే పరిగి పోయి, తన చెయ్యి చూపించి, "గోలీలు మింగుతున్న, ఇంక ఎవరికి అంటుకోదని డాక్టరు రాసిచ్చిండు. నేను యేరే పొయ్యి పెట్టుకుంట గని నా మరిది సంసారం చెడగొట్టకు బిడ్డా" అని బతిమాలి తీసుకొచ్చింది. అటువంటి మనిషికి ఏ మొహం పెట్టుకుని చెప్పను? వంగిన వేళ్ళను వేలూరులో ఆపరేషన్ చేసి నిలబెడుతున్నారని డాక్టరు ఉత్తరం రాసిచ్చాడు. "నువ్వొస్తే పోదాం" అన్నది వదిన. అక్కడి డాక్టర్లు మొదటినుంచీ అంతా అడుగుతారు, ఆమె ముందే అడుగుతారు. ఇయ్యాల రేపు అంటూ ఆ ఉత్తరాన్ని పెట్టెలో ఉంచాను. మూడో వేలు కూడా వంగింది.

రొట్టెలు ఆమెకు చేతకాలేదు. పిండి ముద్దను తట్టాలంటే అరచెయ్యి పరుచుకోవాలి కదా. ఇంట్లో ఊరికే కూర్చోలేక నాతో ఊళ్ళకు రావడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళు నాకు ఒళ్ళు చూపించడానికి సిగ్గుపడతారు. ఆమె లోపలికి పోయి చూసి వచ్చేది. మచ్చ మీద ఈక రాయడం, నరం తడమడం నాలుగు రోజుల్లో నేర్చుకుంది. ఎడమచేత్తో చేసేది. ఎవరైనా మొండికేస్తే తన కుడిచెయ్యి బయటపెట్టేది. "సూడున్రి. నొప్పి లేశిననాడు నేను పని నొప్పని ఊకున్న. మా మరిది ఎంత సదువుకున్నోడు, ఆయనకు సక్కగ చెప్పుకోకపోతి. తోల్కపోంగనే డాక్టరు పట్టిండు గని నేనే ఆలస్యం చేసిన." ప్రతి ఊళ్ళో, ప్రతి వాకిట్లో ఇదే మాట. నేను పక్కనే నిలబడి కాయితాలు సర్దుకునేవాణ్ణి. ఇట్లా నాలుగేళ్ళు.

అరవై రెండు మాఘంలో కుల్కచర్ల పోయాం. అక్కడ జంగప్ప అనే రైతు, తల్లిలేని కూతురు వెంకటమ్మ. పదహారేళ్ళ పిల్ల. ఎడమ మోచేతి పైన మచ్చ, నరం అప్పుడప్పుడే లావెక్కుతున్నది. వేళ్ళు ఇంకా నిటారుగా, చక్కగా ఉన్నాయి. సరైన సమయం. వదిన నాకు సైగ చేసింది. పిల్లను నీళ్ళకు పంపి జంగప్పకు చెప్పాను.

అతను కుప్పలా కూర్చున్నాడు. కాసేపటికి తేరుకుని నా చేతులు పట్టుకున్నాడు. "సారు, మీకు దండం పెడుత. పిల్లకు తెల్వనియ్యకున్రి. సంబంధం మాట నడుస్తున్నది. బలానికని చెప్పి గోలీలు ఇయ్యున్రి. నేను మింగిపిస్త."

"గట్ల ఇయ్యరు" అన్నది వదిన. "పిల్లకు చెప్పాలె."

"చెప్తే బాయిల దుంకుతది తల్లీ."

"దుంకది. నేను దుంకిన్నా? దాసిపెట్టి మందిచ్చుడంటే దాని చేతులు నువ్వే నరుకుడు. మా మరిది గట్ల చేసేటోడైతే నేను గీయన చేతి నీళ్ళు ముడుదునా?"

జంగప్ప మొండికేశాడు. "మీ మరిది మంచోడు, చెప్పిండు. నా పిల్ల సంగతి నాకెరుక. గట్ల ఇయ్యకుంటె మాకు గోలీలే వద్దు. పోన్రి" అని లేచి తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశాడు.

బిందెతో పిల్ల గల్లీ చివర కనిపించింది. బిందె చెవిని పట్టుకున్న ఆ పది వేళ్ళను చూశాను. మేం పోతే ఇతను మళ్ళీ మమ్మల్ని గడప తొక్కనివ్వడు. వచ్చే ఏడాదికి ఆ వేళ్ళేమవుతాయో ఆ ఊళ్ళో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

"జంగప్పా, కూసో" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మా వదిన ఆలస్యం చెయ్యలేదు. ఆమెకు రోగమని నాకు ఐదు నెలల ముందే ఎరుక. నా పెండ్లి చెడిపోతదని చెప్పలేదు. నెత్తురు గోలీలని అబద్ధం చెప్పి ఇదే గోలీ ఇచ్చిన. ఎక్కువెక్కువ ఇచ్చిన. నొప్పి లేస్తె నాకు చెప్పింది, నేనే పని నొప్పన్న. ఆమెకు ఎరుక ఉంటే దవాఖానకు ఉరుకుతుండె. ఆ చెయ్యి నేను చేసిన పని. నువ్వు గదే అడుగుతున్నవు నన్ను."

జంగప్ప నన్ను చూశాడు, వదిన చేతిని చూశాడు. తలుపు మీది చెయ్యి జారిపోయింది.

వదిన వైపు చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆమె గొంతే వినిపించింది. "ఇన్నవు గద. పిల్లను లోపటికి పిలువు." పిల్లకు చెప్పింది ఆమే. పక్కన కూర్చోబెట్టుకుని, మచ్చ చూపించి, ఈకతో రాసి, అంతా మెల్లగా చెప్పింది. వెంకటమ్మ ఏడ్చింది, తరువాత ప్రశ్నలడిగింది. పావు గోలీతో మొదలుపెట్టాం. నొప్పి లేస్తే ఎక్కడికి రావాలో ఆ పిల్ల చేతే రెండుసార్లు చెప్పించింది వదిన. ఆ పిల్ల ఇప్పుడు రోగం పోయి, పెళ్ళయి, పదివేళ్ళతో పనిచేసుకుంటున్నది. అదొక్కటే నాకున్న మంచి వార్త.

పరిగి బస్టాండులో తాండూరు బస్సు కోసం కూర్చున్నాం. ఇద్దరి మధ్య గోలీల డబ్బా. కన్నడంలో తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండుననుకున్నాను.

"నీ లగ్గం కోసమేనా?"

"అవ్ వదినా."

"ఐదు నెలలల్ల ఒక్కనాడన్న చెప్పబుద్ధి కాలేదా?"

"దినాం అయింది."

ఆమె తల దించుకుని, ఎడమచేత్తో ఆ మూడు వేళ్ళను మెల్లగా సవరించుకుంది. "నాకు చెప్తే నేను నీ లగ్గం ఆపుతుంటినారా అంజిగా? సప్పుడుగాకుండ గోలీలు మింగి, మూలకు కూసొని, నీ లగ్గం నేనే చేపియ్యకపోదునా? నా నోటి మీద నీకు గంత నమ్మకం లేకపాయెనా?"

నేను ఏడ్చాను. బస్టాండులో అందరూ చూస్తుండగా ఏడ్చాను. ఆమె ఏడవలేదు, ఓదార్చలేదు కూడా. బస్సొస్తే లేచి ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది.

అప్పటిదాకా వదిన గోలీలు నేను ఇంట్లోనే ఇచ్చేవాణ్ణి, పొద్దున అన్నం గిన్నె పక్కన పెట్టి. ఆ వారమే, గోలీలు పంచే గురువారం నాడు, నేను తాండూరులో బల్ల ముందు కూర్చుని రోగులకు గోలీలిస్తున్నాను. వరసలో పదకొండో మనిషి మా వదిన. ఇంటి నుంచి రెండు కోసులు నడిచి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, తన వంతు వచ్చేదాకా ఎండలోనే నిలబడింది. బల్ల దగ్గరికొచ్చి, రోగులకిచ్చే పసుపురంగు కార్డు నా ముందు పెట్టి, అందరూ అన్నట్టే అన్నది.

"సారూ, నా గోలీలు ఇయ్యున్రి."

మూడేళ్ళయింది. ఒకే ఇంట్లో ఉంటున్నాం. లక్ష్మమ్మతో నవ్వుతుంది, నా పిల్లలను ఎత్తుకుంటుంది, నాకు కూడా అన్నం పెడుతుంది. "అన్నం తినున్రి సారూ" అంటుంది.